మిషన్ వేసే ముందు

నలభై రోజులు విదేశాలు తిరిగి, ఊరొచ్చి టాక్సీ దిగేసరికి మధ్యాహ్నం రెండయింది. ముగ్గురం: వడ్రంగి, టైలరు, నేను. మా ఆవిడ పోయాక నేను గడప దాటడం మానేస్తే, చిన్ననాటి స్నేహితులిద్దరూ నన్ను రెక్క పట్టుకుని లేవదీశారు. అంటే వాళ్లు ఇల్లూ పనీ వదిలి వెళ్లింది నా కోసమే.

దిగింది వడ్రంగి ఇంటి ముందు. ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు కొట్టు, వెనక రెండు గదులు.

"టీ తాగి పోదురుగాని రండి. మీ చెల్లెలు ఊరుకోదు" అన్నాడు.

"నీ గురక ఇన్నాళ్లు భరించినందుకు టీతో సరిపెడతావట్రా?" అన్నాడు టైలరు.

కొట్టులో వడ్రంగి బామ్మర్ది చెక్కలు పేరుస్తున్నాడు. మమ్మల్ని చూసి నవ్వబోయి ఆగిపోయాడు. వడ్రంగి చూపు కోత మిషన్ మీద ఉంది. బల్ల మధ్యలో పళ్ల చక్రం బోసిగా నిలబడి ఉంది. దాని మీద ఉండాల్సిన రేకు మూత లేదు.

"మూతేదిరా?"

"పనికి అడ్డమొస్తోందని తీశాను బావా."

అప్పుడే వెనక గదిలోంచి వడ్రంగి భార్య వచ్చింది. రోజూ ఫోనులో 'అంతా బాగానే ఉన్నాం' అన్న మనిషి ఎడమచెయ్యి వీపు వెనక పెట్టుకుని నిలబడింది.

"చెయ్యి చూపించు" అన్నాడు వడ్రంగి.

చూపించింది. కట్టు సన్నగా ఉంది. చిటికెన వేలూ ఉంగరపు వేలూ ఉండాల్సిన చోట ఏమీ లేదు. కుడిచెయ్యి కాదు కదా అనుకున్నాను. అలాంటప్పుడు మనసు దేన్నైనా పట్టుకుంటుంది.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉంది. మిషన్ వేసే ముందు వడ్రంగి "చేతులు" అని కేకేస్తాడు. లోపల ఎవరున్నా, బల్ల కొనడానికి వచ్చినవాళ్లయినా సరే, రెండు చేతులూ ఎత్తి చూపించాలి. అందరివీ కళ్లారా చూసుకున్నాకే మీట నొక్కుతాడు. ముప్పై ఏళ్లుగా ఇంతే. అది చాదస్తమని మేం ఎన్నిసార్లు ఆటపట్టించామో. టైలరైతే కావాలని కాలెత్తేవాడు.

"కేకేశావా?" అని అడిగాడు వడ్రంగి బామ్మర్దిని.

"తొందర పని బావా. అక్క బల్ల మీద పొట్టు ఊడుస్తోంది. నేను చూసుకోలేదు."

వడ్రంగి చేతిలోని సూట్‌కేసు గాల్లోకి లేచి వాడి మొహాన పడింది. ముక్కు చిట్లిన చప్పుడు నాకు వినబడింది. పడినవాణ్ణి జుట్టు పట్టి లేపి తలుపుకేసి కొట్టాడు, ఒకసారి, రెండుసార్లు. గోడకు వరసగా తగిలించిన ఉలులు జలజలా రాలాయి. అడ్డం వెళ్లిన టైలరును ఒక్క తోపు తోశాడు. టైలరు చెక్కల మీద వెల్లకిలా పడ్డాడు, కళ్లద్దం ఒకటి పగిలిపోయింది.

"చచ్చిపోతాడ్రా, వదులు" అంటూ నేను వెనకనుంచి నడుము వాటేసుకున్నాను. మోచేయి వచ్చి నా నోటికి తగిలింది. పన్ను ఊడి నాలుక మీదకి వచ్చింది. నేను వదల్లేదు. నన్ను కూడా ఈడ్చుకుంటూనే వాణ్ణి మిషన్ దగ్గరకి లాక్కెళ్లాడు.

"మూడు వారాలైంది" అంది ఆమె ఏడుస్తూ. "మీకు చెప్పొద్దన్నది నేనే. ఫోటోల్లో ఈ అన్నయ్య మొహం ఎన్నాళ్లకో తేటగా ఉంది. సగంలో వచ్చేస్తారని చెప్పలేదు. నన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది వాడేనండీ."

వడ్రంగికి ఏదీ తలకెక్కడం లేదు. బామ్మర్ది ఎడమచెయ్యి మెలితిప్పి, పంజా విప్పి, పళ్ల చక్రానికి ఆనించి అదిమిపెట్టాడు.

"రెండే తీస్తాను. లెక్క సరిపోతుంది."

"బావా, నీ కాళ్లు మొక్కుతా."

వడ్రంగి కుడిచెయ్యి మీట మీదకి వెళ్లింది. మీట మీద వేలు ఆనగానే ముప్పై ఏళ్ల అలవాటు వాడి గొంతులోంచి దానంతటది బయటికొచ్చింది.

"చేతులు."

నా చేతులు వాడి నడుము వదిలి పైకి లేచాయి. వదలకూడదని తెలుసు. అయినా లేచాయి. చెక్కల మీద పడి ఉన్న టైలరు కూడా రెండు చేతులూ ఎత్తాడు. ఈసారి కాలెత్తలేదు. నెత్తురు కారుతున్న బామ్మర్ది స్వాధీనంలో ఉన్న ఒక్క చెయ్యీ లేపాడు. గుమ్మం దగ్గర ఆమె తన రెండూ లేపింది.

వడ్రంగి ఎప్పటిలాగే తల తిప్పి ఒక్కొక్కరివీ చూశాడు. నావి. టైలరువి. చివరికి ఆమెవి. అక్కడ చాలాసేపు ఆగిపోయాడు.

"నావి ఎనిమిదేనండీ" అంది. "వాడివి పదీ ఉండనివ్వండి."

వడ్రంగి చూపు బల్ల మీదకి వచ్చింది. అక్కడ ఇంకో చెయ్యి ఉంది. బల్ల మీద చెయ్యి ఉండగా వాడు ఏనాడూ మీట నొక్కలేదు.

వేలు మీట మీదనుంచి జారింది. బామ్మర్దిని వదిలేసి, గోడ దగ్గరకి వెళ్లి మిషన్ తీగ పీకేశాడు. మూలనున్న రేకు మూత తెచ్చి చక్రం మీద పెట్టి, వేళ్లతో తడిమాడు.

"దీని మరలెక్కడ పెట్టావురా?" అన్నాడు.

"ఇక్కడే పడేశాను బావా."

బామ్మర్ది మోకాళ్ల మీద వంగి, ముక్కులోంచి నెత్తురు చుక్కలు రాలుతుంటే, రంపపు పొట్టులో చేత్తో వెతకసాగాడు. కాసేపటికి వడ్రంగి కూడా పక్కనే కూలబడి వెతకడం మొదలుపెట్టాడు. ఆమె కుడిచేత్తో నాకు నీళ్లు తెచ్చిచ్చింది.

"నోరు పుక్కిలించండి అన్నయ్యా" అంది.