కిటికీ అక్క వద్దన్న సినిమా

ఆమె టికెట్ల కట్టకున్న రబ్బరు బ్యాండు విప్పి మణికట్టుకు తగిలించుకుని, కిటికీ తలుపు పైకి నెట్టింది. బయటివాళ్ళకు ఆమె మోచేతి దాకానే కనిపిస్తుంది: సిరా మరకల వేళ్ళు, కిటికీ అంచుకు ఒరుసుకుని వన్నె తగ్గిన రెండు గాజులు. అందుకే ఆమె అందరికీ కిటికీ అక్క.

సెలవులు మొదలయ్యాయి. హాల్లో కొత్త సినిమా పడింది. నిన్న వెనక వరసలో నిలబడి చివరిదాకా చూసింది.

"రెండివ్వండి," అంది ఒక కాలేజీ అమ్మాయి.

"ఇస్తాను గానీ, తలనొప్పొస్తుందమ్మా. చదివే అలవాటుందా? వెనక వీధి లైబ్రరీలో ఒక వంటమనిషి రాసుకున్న పుస్తకముంది. నవ్వలేక చస్తావు."

అమ్మాయి స్నేహితురాలిని లాక్కుని అటే వెళ్ళింది.

మేనేజరు లోపలికొచ్చాడు. "అక్కా, నువ్వు టికెట్లమ్ముతున్నావా, జనాన్ని తరుముతున్నావా?"

"పోయిన సినిమా ఎవరి మాట మీద ఆడిందో?"

"అదంతా వద్దు. ఇంకొక్కరిని వెనక్కి పంపావంటే రేపట్నుంచి రానక్కర్లేదు." కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాడు.

హాల్లో పనిచేసే భర్త పోయాక ఇచ్చిన ఉద్యోగమది. లోకానికి సెలవొచ్చినప్పుడల్లా ఆమెకు ఊపిరాడని పని. కూతురి సెలవులన్నీ ఈ బల్ల కిందే, చిరిగిన టికెట్లతో ఆడుకోవడంలో గడిచిపోయాయి. "నన్నెక్కడికైనా తీసుకెళ్ళావా అమ్మా?" అని పెళ్ళయ్యాక ఒకసారి అడిగింది. అడిగి తనే నవ్వేసింది. ఆమె మాత్రం నవ్వలేకపోయింది.

మ్యాట్నీకి ఒకతను వచ్చాడు. చంకలో ఒక పిల్ల, చెయ్యి పట్టుకుని ఇంకో పిల్ల. ఉతికినా వదలని సిమెంటు చారల చొక్కా.

"మూడివ్వక్కా. ఇవాళొక్కరోజే సెలవు దొరికింది."

వెనక కుర్చీ కిర్రుమంది. ఆమె మూడు టికెట్లు చింపింది. పెద్దపిల్ల మునివేళ్ళ మీద లేచి కిటికీలోంచి చూస్తోంది. టికెట్లు ఆమె చేతిలోనే ఉండిపోయాయి.

"ఇందులో అంతా నరుకుళ్ళే నాయనా. పిల్లలు రాత్రికి జడుసుకుంటారు."

"మరెక్కడికి తీసుకెళ్ళమంటావు?"

"బస్సెక్కి చివరి స్టాపులో దిగు. అక్కడ ఏరుంది, మోకాలి లోతే. ఆడుకోనీ. నువ్వూ దిగు, పెద్దమనిషిలా ఒడ్డున కూర్చోకు."

పెద్దపిల్ల ఎగిరి గంతేసింది.

మేనేజరు లేచాడు. "సాయంత్రం తాళాలిచ్చి వెళ్ళిపో."

"సాయంత్రం దాకా ఎందుకూ?" ఆమె తాళాలు బల్ల మీద పెట్టింది. "నోరు లేని చెయ్యి కావాలంటే వేరే చూసుకో."

కొత్త మనిషిని పిలుచుకురావడానికి అతను గేటు వైపు వెళ్ళాడు. ఆమె కిటికీ మూసింది. బీరువా వెనకనుంచి దుమ్ము పట్టిన రేకొకటి లాగి, కొంగుతో తుడిచి, బయట మేకుకు తగిలించి మెట్లు దిగింది.

ఖాళీ కుర్చీల మీద సినిమా అరుస్తూనే ఉంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఆగి, చదివి, వెనక్కి తిరుగుతున్నారు. మూసిన కిటికీ మీద ఎర్రక్షరాల 'హౌస్‌ఫుల్' బోర్డు గాలికి మెల్లగా ఊగుతోంది.