వత్తు మరిచిన సంతకం

లక్ష్మీనారాయణ స్టవ్వు మీద రెండు గ్లాసుల టీకి నీళ్ళు పెట్టి, ముక్కాలి పీటను తుడిచి బల్లకు ఇవతల వేశాడు. నెలలో మొదటి సోమవారం. మిగతా రోజుల్లో ఆ గదిలో ఒకే గ్లాసు కడగడం, ఒకే కంచం బోర్లించడం. హనుమకొండ చౌరస్తా వెనక సందులో మేడ మీది గది అది. భార్య కళావతి పోయి తొమ్మిదేళ్ళు. పిల్లలు లేరు. అంగట్లో ఎవరైనా "బాగున్నరా సారు" అంటే, తాను నోరు తెరిచేలోపే వాళ్ళు నాలుగడుగులు ముందుకు పోయేవారు.

ఇంట్లో బనీనుతో తిరిగే మనిషి ఆ ఒక్కరోజు ఇస్త్రీ చొక్కా తొడిగి, జేబుకు పెన్ను పెట్టుకునేవాడు. ఇరవై ఆరేళ్ళు ఫైళ్ళ మీద వంగీ వంగీ మెడ అలాగే నిలిచిపోయింది. ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేసి నాలుగేళ్ళ కిందట రిటైరయ్యాడు. మొదటిసారి తప్పు చేసినవాణ్ణి కోర్టు జైలుకు పంపకుండా, బుద్ధిగా ఉంటానని బాండు రాయించుకుని వదులుతుంది. వాడు నిజంగా బుద్ధిగా ఉంటున్నాడో లేదో చూసుకోవడమే ఈయన పని. "కుక్క తోకకు గొట్టం కట్టే ఉద్యోగమయ్యా నీది" అని తోటి గుమాస్తాలు ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఇప్పుడు రావలసినవాడు కట్టయ్య. పదకొండేళ్ళ కిందట పాత గంజి మార్కెట్లో హమాలీగా ఉండగా మిరపకాయల బస్తా ఒకటి ఎత్తుకుపోతూ దొరికాడు. ఆరు నెలల జైలు పడవలసింది. లక్ష్మీనారాయణ విచారించి రిపోర్టు రాశాడు: "మొదటి తప్పు. మనిషి మెత్తన. జైలుకు పోతే చెడిపోతాడు." మేజిస్ట్రేటు రెండేళ్ళ బాండు మీద వదిలాడు. నెలనెలా హాజరు కావాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి, సంతకం పెట్టాలి.

ఎక్కడ ఉంటున్నావు, ఏం పని చేస్తున్నావు, తాగుతున్నావా, ఆరోగ్యం ఎలా ఉంది, ఇలా ఏడు ప్రశ్నలు. "ఎవరితోని తిరుగుతానవ్?" అన్నదానికి కట్టయ్య జవాబు ఎప్పుడూ ఒక్కటే. "ఎవ్వల్తోని లేదు సారు." చెడు సావాసాలు లేవన్నమాట. లక్ష్మీనారాయణ "మంచిది" అని రాసుకునేవాడు.

రెండేళ్ళు నిండిన రోజున కాగితం చేతికిచ్చి చెప్పాడు. "అయిపోయింది కట్టయ్యా. ఇగ నువ్వు రానక్కర్లేదు." కట్టయ్య తలూపి వెళ్ళాడు. మళ్ళీ మొదటి సోమవారం పొద్దున్నే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, ఉతికిన అంగీతో, తలకు నూనె రాసుకుని. లక్ష్మీనారాయణ అతన్ని చూశాడు. కళావతి పోయి అప్పటికి మూడు నెలలు. ఎందుకొచ్చావని అడిగితే ఇక రాడేమోనని భయం వేసింది. సర్కారు రిజిస్టరులో రాయడానికి వీల్లేదు గనక సొరుగులోంచి ఒక నోటుబుక్కు తీసి, "ఎక్కడ ఉంటానవ్?" అని మొదలుపెట్టాడు.

ఆ సంగతి ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. రిటైరయ్యాక ఆఫీసుకు బదులు ఈ గది, అంతే తేడా.

అన్నిటికన్నా ఆలస్యమయ్యేది సంతకం. వేలిముద్ర మాన్పించి, పేరు రాయడం ఆయనే నేర్పాడు. కట్టయ్య ప్రతిసారీ 'కటయ్య' అనే రాసేవాడు. "వత్తు మరిచినవ్‌రా, మళ్ళ రాయి" అనేవాడు ఈయన. "అవును సారు, నా మతి మండ, గుర్తుండది" అంటూ అతను మళ్ళీ పెన్ను పట్టేవాడు. నాలుక పంటికింద పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే దిద్ది, మళ్ళీ వత్తు లేకుండానే ముగించేవాడు. మూడోసారికో నాలుగోసారికో కుదిరేది. ఈలోగా టీ తాగడం అయ్యేది, ఎండ కిటికీ దాటేది. పేరులో ఒక వత్తు తొమ్మిదేళ్ళుగా పట్టుబడని మొద్దును ఎక్కడా చూడలేదని లక్ష్మీనారాయణ విసుక్కునేవాడు. ఆ విసుగు కోసమే నెలంతా కాచుకునేవాడు.

ఏడయింది. ఎనిమిదయింది. కట్టయ్య ఇప్పుడు బస్తాలు మోసే మార్కెట్ యార్డులో బీట్లు, అంటే వేలంపాటలు, మొదలయ్యేలోగా వచ్చి పోవాలి, ఒక్కనాడూ తప్పలేదు. టీ మీద మీగడ కట్టింది. తొమ్మిదిన్నరకు లక్ష్మీనారాయణ గదికి తాళం వేసి బస్సెక్కాడు. ఉద్యోగంలో ఉండగా ఇలా మనిషిని వెతుక్కుంటూ పోవడాన్ని గృహసందర్శనం అని రాసేవాడు.

బస్సు సెంట్రల్ జైలు గోడ పక్కనుంచి పోయింది. ఆ గోడ చూసినప్పుడల్లా ఆయనకు లోపల కొంచెం గర్వంగా ఉండేది. దాని వెనక్కి పోకుండా తాను ఆపినవాళ్ళు ఎంతోమంది. ఇవాళ కూడా అలవాటుగా అటే చూశాడు.

ఎనుమాముల యార్డులో మిర్చి సీజను. గేటు దాటగానే కళ్ళు మండాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఎర్రటి కుప్పల మధ్య రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అడిగి అడిగి కట్టయ్య పనిచేసే హమాలీల ముఠా దగ్గరికి చేరాడు. మేస్త్రి మొగిలి బస్తా దించి, తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు.

"మీరేనా సారు, పరబేషన్ సారు?"

"ఔ. కట్టయ్య రాలేదు ఇయ్యాల."

మొగిలి తలగుడ్డ చేతికి చుట్టుకున్నాడు. "శుక్రారం పొద్దుగాల పోయిండు సారు. లారీకి బస్తాలెత్తి, జర దమ్ము తీసుకుంటనని నీడకు కూసున్నడు. లేపితే లెవ్వలె. ఎవ్వలు లేరాయె, మేమే మట్టి చేసినం."

లక్ష్మీనారాయణ బస్తాల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"మీకు చెప్పాలనే అనుకున్నం సారు. ఆఫీసు ఏడున్నదో తెల్వకపాయె." మొగిలి గొంతు తగ్గించాడు. "మాకేం లొల్లి లేదు గద? మనిషే పోయిండు, ఇగ కేసు కొట్టేస్తరు గద?"

"ఏం కేసు?"

"దొంగతనం కేసు సారు. పదకొండేండ్ల సంది నడుస్తాంది గద. నెలనెలా మీ కాడికి వచ్చి సంతకం పెడుతుండె. గందుకే కుప్పల కావలి వానికి ఎన్నడియ్యలే నేను. సద్ది తినేటప్పుడు పోరగాళ్ళు గూడ వాని పక్కకు కూసోకపోదురు."

ఎవ్వల్తోని లేదు సారు. మంచిది.

"కేసు తొమ్మిదేండ్ల కిందనే అయిపోయింది" అన్నాడు లక్ష్మీనారాయణ. చుట్టూ ఉన్న హమాలీలకు వినబడేలా మళ్ళీ అన్నాడు. "అయిపోయింది. వాడు దొంగ గాదు."

"మరి నెలనెలా ఎందుకొచ్చిండు సారు?"

"నేను రావద్దనలే."

మొగిలికి అర్థం కాలేదు, లేదా అయిందేమో. గోనెసంచుల వెనక్కి పోయి, కట్టయ్య కొక్కెం తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. బస్తాలకు తగిలించి లాగే ఇనుప కొక్కెం, కర్ర పిడి. "ఇది ఎవ్వలకియ్యాల్నో తెల్వలే. మీరే ఉంచుకోండ్రి. మేం వాన్ని ఉత్తగనే దూరం పెడితిమి సారు."

తిరుగు బస్సులో లక్ష్మీనారాయణ జైలు గోడ వైపు చూడలేదు. ఆరు నెలల శిక్ష తప్పించి, పదకొండేళ్ళు దొంగ అన్న పేరు తగిలించాను అనుకున్నాడు. ఒక్కసారి యార్డుకు వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్తే కట్టయ్యకు మనుషులు దొరికేవారు. దొరికితే తన దగ్గరికి ఎందుకొస్తాడు? ఆ సంగతి తనకు తెలియకపోలేదు. పక్క సీటు ఆవిడ ఎందుకు ఏడుస్తున్నారని అడిగితే, మిరపకాయల ఘాటమ్మా అన్నాడు.

గదిలో పీట వేసినచోటే ఉంది. చల్లారిన టీ పారబోసి గ్లాసులు రెండూ కడిగాడు. నోటుబుక్కు తెరిచి తేదీ వేశాడు. ఎక్కడ ఉంటున్నాడు అన్నదానికి ఎదురుగా ఏమీ రాయలేక పెన్ను మూసి, కొక్కేన్ని ఆ పేజీ మీద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని వంగి చూశాడు.

చేతి చెమటకు నల్లబడి నున్నబడ్డ పిడి మీద, ఏళ్ళ కిందట మేకు మొనతో లోతుగా చెక్కిన పేరు ఉంది. కట్టయ్య. ట కింద వత్తు, ఎక్కడుండాలో అక్కడే ఉంది.