మూడు కూతలు

నేను ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ని. కాశీబుగ్గలో పాత ఇనుప సామాన్ల కొట్టు వెనకాల, విరిగిన కుట్టుమిషను పక్కన పడేశారు నన్ను. మానిటరు ఎటు పోయిందో తెలీదు. అందరూ నా మొహం అదే అనుకుంటారు గానీ, నా గొంతు వేరే ఉంది. సీపీయూ లోపల వేలిగోరంత నల్లటి స్పీకరు. దానికి వచ్చిన భాష ఒక్కటే, కూత. స్విచ్చు వెయ్యగానే అంతా బాగుంటే ఒక చిన్న కూత. ర్యామ్ పలక కదిలిపోతే మూడు కూతలు, కాస్త ఆగి మళ్ళీ మూడు. అప్పుడు తెర వెలగదు. ఆ మూడు కూతలే నా మొర. అది అందరికీ అర్థమవుతుందని నన్ను బిగించినవాళ్ళు ఎలా అనుకున్నారో మరి.

విశాఖపట్నంలో ఒక కొట్లో ముక్కలుగా కొని నన్ను బిగించారు. మొదటి నాలుగేళ్ళూ ఒక ట్యుటోరియల్లో ఉన్నాను. అక్కడ పిల్లలు లెక్కల కంటే పేకాట ఎక్కువ నేర్చుకున్నారు. ఆ తర్వాత కాశీబుగ్గ బస్టాండు పక్కన డీటీపీ సెంటరు నడిపే దండాసి గారు కొనుక్కున్నారు. అక్కడ నా ముందు కూర్చున్న మనిషి నీలవేణి.

నీలవేణికి ఇరవై ఆరేళ్ళు. పుట్టినప్పట్నుంచీ వినపడదు, మాట రాదు. కీబోర్డు మీద ఆ వేళ్ళు పరిగెడుతుంటే మాత్రం కొట్టుకి వచ్చినవాళ్ళు వచ్చిన పని మరిచిపోయి చూసేవారు. ఎవరైనా సైగ చేసి ఏదైనా అడిగితే పెద్ద అక్షరాలతో తెర మీద కొట్టి చూపించేది: "పేరు ఇంటిపేరుతో సహా రాసివ్వండి." "రేపు పది గంటలకి రండి." ఒకసారి ఒక ముసలాయన, "ఈ పెట్టి ఎంత మర్యాదగా మాట్లాడతాదో!" అన్నాడు. ఆ మర్యాద నాది కాదు, ఆమెది.

ఒక వేసవిలో దండాసి గారు కొట్టుకి సున్నం వేయించారు. గోడ దగ్గర చోటు కావాలని బల్లని నాతో సహా ఒక్క లాగు లాగారు. నేను వెళ్ళి బీరువాకి గుద్దుకున్నాను. లోపల ర్యామ్ పలక ఒక పక్క లేచిపోయింది. నీలవేణి చూసి చెయ్యి అడ్డం పెట్టబోయింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె స్విచ్చు వేసింది. నేను మూడు కూతలు పెట్టాను. తెర నల్లగానే ఉంది. ఆమె వైర్లు సరిచూసి మళ్ళీ వేసింది. మళ్ళీ మూడు. నా గొంతు ఆమెకి అరచెయ్యంత దూరంలో ఉంది. అయినా ఏం లాభం? అరిచిన కొద్దీ అదే మాట, ఆమె మొహంలో అదే కంగారు. సీపీయూ మీద చెయ్యి ఆనించి చూసింది. ఫ్యాను తిరుగుతున్నట్టు తెలిసింది గనక, నేను బతికే ఉన్నానని మళ్ళీ మళ్ళీ ప్రయత్నించింది.

అంతలో దండాసి గారు, ఆయన వెనకాలే హైస్కూలు నుంచి బెహరా మాస్టారు వచ్చారు. బడి వార్షికోత్సవం సంచిక తొంభై రెండు పేజీలు. ఆ రోజే ప్రెస్సుకి పోవాలి. అంతా నా కడుపులో ఉంది.

"ఏటిది? ఇలా కూస్తాందేటి?" అన్నారు దండాసి గారు.

"ఎప్పట్నించి కూస్తాందో ఏటో! వినపడకపోతే అమ్మాయికెలా తెలుస్తాది?" అన్నారు మాస్టారు.

నీలవేణి గబగబా చిత్తుకాగితం మీద రాసి దండాసి గారి చేతికిచ్చింది. 'నిన్న మీరు బల్ల లాగినప్పుడు గుద్దుకుంది. లోపల ఏదో కదిలి ఉంటుంది.' ఆయన చదివారు. చదివారని నేను ఒట్టేసి చెప్పగలను, చెవులు ఎర్రబడ్డాయి. ఒకసారి మాస్టారి వైపు చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"చూడండి మాస్టారూ, జాలిపడి పనిస్తే ఇదీ మన గతి. పొద్దున్నించి మిషను మొత్తుకుంటా ఉంటే ఆపకుండా తిప్పీసింది. పాడు చేసీసింది!"

ఆమెకి మాటలు వినపడలేదు. ఆయన వేలు తన వైపు చూపించడం కనపడింది, మాస్టారు తల పంకించడం కనపడింది. చెయ్యి ఆయన జేబు వైపు చాపింది, ఆ కాగితం చూపించమని. ఆయన ఆ చేతిని తోసి గుమ్మం చూపించారు. నేను మూడు కూతలు పెట్టాను. "ముందు దాని నోరు మూయించండి," అన్నారు మాస్టారు. స్విచ్చు తీసేశారు.

మధ్యాహ్నానికి మెకానిక్ ఖలీల్ వచ్చాడు. ఒక్కసారి విన్నాడు, అంతే. మూత విప్పి, ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో దాని అంచు రుద్ది నొక్కిపెట్టాడు. ఒక చిన్న కూత. తెర వెలిగింది. సంచికలో ఒక్క అక్షరం కూడా పోలేదు.

"పాడవలేదన్నా. ఎవరో గట్టిగా లాగినట్టున్నారు."

"ఏమో," అన్నారు దండాసి గారు.

రెండు రోజుల తర్వాత ఆయన నీలవేణి వాళ్ళింటికి వెళ్ళొచ్చారు. ఒక్కరే తిరిగొచ్చారు. ఆమె అప్పటికే జీడిపప్పు కార్ఖానాలో చేరిపోయిందట. కొత్త ఆపరేటరుకి చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఆ చెవుల్లో పొద్దస్తమానం పాటల వైర్లు ఉంటాయి గనక నా కూత అతనికీ పట్టలేదు.

రెండు నెలలకి నీలవేణి కొట్టుకి వచ్చింది. శ్రీకాకుళంలో బధిరుల బడికి టైపిస్టు కావాలట, దానికి దరఖాస్తు కొట్టించుకోవాలి. కొత్తతను వరసగా తప్పులు కొడుతున్నాడు. ఆమె వెనక నిలబడి ఒక్కొక్కటీ వేలితో చూపిస్తోంది. జీడితొక్కు నూనెకి వేలి కొన కమిలి నల్లబడి ఉంది. దండాసి గారు ఆ వేలు చూశారు. అతన్ని లేవమని సైగ చేసి కుర్చీ ఆమె వైపు జరిపారు. ఆమె కూర్చుని నాలుగు నిమిషాల్లో కొట్టి, ప్రింటు తీసుకుంది.

లేవబోతుంటే ఆయన "ఆగమ్మా" అని, వినపడదని గుర్తొచ్చి, చెయ్యి అడ్డం పెట్టారు. ఆమె భుజం పక్కనుంచి వంగి, ఒంటి వేలితో వెతుక్కుంటూ కొట్టడం మొదలెట్టారు. టైపు ఎప్పుడూ నేర్చుకోలేదు పాపం. నుదుటి చెమట నా మీటల మీద పడింది. చాలాసేపటికి తెర మీద రెండు మాటలు వచ్చాయి: "తపు నాది".

ఆమె చదివింది. తర్వాత కర్సరు వెనక్కి జరిపి, 'పు' కింద ఒత్తు పెట్టి, దరఖాస్తు మడుచుకుని వెళ్ళిపోయింది.

గుమ్మంలో ఎవరో వచ్చి, "ఆదాయం సర్టిఫికెట్టు ఫారం ఉందాండీ?" అని అడిగారు. "ఉండండి," అన్నారు దండాసి గారు. అని, తెర వైపు చూస్తూ అలాగే నిలబడిపోయారు.