ఖాళీ కార్డులు

ఆ పెద్దాసుపత్రి లాండ్రీలో ఇరవై రెండేళ్లుగా ఏ మూట ముందు ఉతకాలో, ఏది ఆగొచ్చో తేల్చేది పెద్దక్కే. తోడు ఇద్దరు: ఇస్త్రీ చేసే ఆవిడ, నిమిషం ఆలస్యమైతే ఊరుకోదని అందరూ 'గడియారం' అని పిలిచే ఇంకొకావిడ. పని ముగ్గురి చేతుల్లోనూ ఉండేది గానీ, ఎలా చేస్తారో చెప్పమంటే నోరు పెగిలేది కాదు.

చెల్లెలు పోయాక ఆమె కూతుర్ని పెద్దక్కే కడుపులో పెట్టుకుని పెంచింది. ఆ పిల్ల చదువుకుని కంప్యూటర్ కంపెనీలో చేరింది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ, చంకలో అట్టపెట్టెతో లాండ్రీకి వచ్చింది.

"పెద్దమ్మా, కంప్యూటర్‌కి ఎలా చెబితే పని చేస్తుందో నేర్పిస్తా. కంప్యూటర్ అక్కర్లేదు, ఇది చాలు" అంటూ పెట్టెలోంచి ఒక ఆట పటం తీసి బల్ల మీద పరిచింది.

వరదొస్తున్న ఊరు, ఒకటే బండి, ఇళ్ల మీద చిక్కుకున్న మనుషులు. అందరూ కలిసి 'ముందుకు', 'తిరుగు' అని రాసున్న కార్డులు వరసగా పేర్చి బండిని నడపాలి. పేర్చాక మధ్యలో వేలు పెట్టకూడదు. గెలిస్తే అందరూ గెలిచినట్టు, మునిగితే అందరూ మునిగినట్టు.

మొదటిరోజు బండి నేరుగా వెళ్లి గోడను గుద్దింది.

"తిరగమని చెప్పకుండా అదెలా తిరుగుతుందే? దానికేమన్నా బుర్రుందా?" అంది గడియారం.

"కార్డు పెట్టింది నువ్వే కదా!" అంది ఇస్త్రీ ఆవిడ. ముగ్గురూ పడీపడీ నవ్వారు.

వారం తిరిగేసరికి, తప్పు ఏ కార్డు దగ్గర జరిగిందో వెనక్కి వెతుక్కోవడం వచ్చేసింది. పెద్ద పనిని ముక్కలు చేయడం, పదేపదే చేసేదాన్ని ఒక్క కార్డులో ఇమడ్చడం, 'ఇలా అయితే అలా' అని ముందే అనుకోవడం అలవడ్డాయి. ఐదో తరగతితో బడి మానేసిన పెద్దక్కకు ఆ నెలంతా కాళ్లు నేల మీద ఆనలేదు.

అప్పుడు పిల్ల ఖాళీ కార్డులు తెచ్చింది. "ఇప్పుడు మీ లాండ్రీనే ఆటగా చేద్దాం. మీరు చెప్పండి, నేను రాస్తా."

పోటీలు పడి చెప్పారు. ఆపరేషన్ గది బట్టలు అన్నిటికన్నా ముందు. రక్తం మరకైతే చన్నీళ్లే. నూటనలభై కార్డులయ్యాయి.

మూడు నెలల తర్వాత లాండ్రీ గోడకు ఒక తెర బిగించారు. మూటకున్న చీటీ చూపిస్తే ఏం చేయాలో అదే చెబుతుంది. పెద్దక్క చూపించింది. 'పసిపిల్లల దుప్పట్లా? ఇంకోసారి జాడించు, సబ్బుంటే ఒళ్లంతా దద్దుర్లొస్తాయి' అని వచ్చింది. అచ్చంగా తన మాటలే.

"మీ అమ్మాయి వాళ్ల కంపెనీదేనమ్మా" అన్నాడు సూపర్‌వైజరు. "ఇక్కడ ఇక ఒక్కరుంటే చాలంట. ఆ ఒక్కరూ మీరే ఉండండి."

గడియారం మొహం మాడిపోయింది. "నీకు ముందే తెలుసా అక్కా?"

"నా మీదొట్టు, తెలీదే."

"మీ ఇంటి పిల్ల. నీకు తెలీకుండానే చేసిందా?"

ఆ సాయంత్రమే పెద్దక్క పిల్ల అద్దెకుంటున్న గదికి వెళ్లి గుమ్మంలోనే నిలబడింది.

"మొదట ఊరికే నేర్పుదామనే వచ్చాను పెద్దమ్మా, నిజంగా" అంది పిల్ల తల దించుకుని. "మధ్యలో మా సార్ మీ లాండ్రీ కార్డులు చూశాడు. వీటితోనే ఆ తెర చేద్దామన్నాడు."

"చూశాక నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు ఇంక నోరు విప్పరని."

"విప్పేదాన్నో, విప్పకపోయేదాన్నో. అది నేను తేల్చుకోవాల్సింది కదమ్మా."

పిల్ల ఏడ్చింది. పెద్దక్కకు మాత్రం కన్నీళ్లు రాలేదు. నేర్చుకుంటున్నానని తను మురిసిపోయిన ఒక్కో మధ్యాహ్నమూ గుర్తొచ్చింది.

మర్నాడు ఆమె పట్టుబట్టి ఆ ఒక్క ఉద్యోగాన్నీ ఇస్త్రీ ఆవిడకు ఇప్పించింది. తను చిరుగులు కుట్టే గదికి మారింది. గడియారానికి ఆసుపత్రిలో ఎక్కడా చోటు దొరకలేదు. వెళ్లేటప్పుడు చెప్పి కూడా వెళ్లలేదు. తర్వాత బజారులో ఎదురుపడితే అవతలి పక్కకు దాటిపోయింది.

పిల్ల వారం వారం ఫోన్ చేస్తుంది. పెద్దక్క ఎత్తుతుంది. తిన్నావా అంటుంది, దగ్గు తగ్గిందా అంటుంది. "పని ఎలా ఉంది పెద్దమ్మా?" అని అడిగితే మాత్రం, "ఉందమ్మా" అని ఊరుకుంటుంది.