రెండో సంతకం

నాలుగు లంచ్ డబ్బాలకు మూతలు బిగిస్తూ ఆమె మళ్లీ అడిగింది. "ఆ కాయితం మీద సంతకం పెట్టారా?"

భర్త బూట్ల లేసులు కట్టుకుంటూ తలెత్తలేదు. "రాని జబ్బుకి ఆపరేషనేంటే? వస్తే అప్పుడు చూద్దాం."

వస్తే ఎలా ఉంటుందో ఆమె రెండుసార్లు చూసింది. అమ్మకు నలభై ఆరేళ్లకు, అక్కకు నలభై ఒకటికి. ఇద్దరినీ తీసుకుపోయింది రొమ్ము క్యాన్సరే. ఆమెకిప్పుడు ముప్పై తొమ్మిది. ఆ క్యాన్సర్ తెచ్చే జన్యుమార్పు ఆమెకూ ఉందని రక్తపరీక్షలో తేలింది. క్యాన్సర్ ఇంకా లేదు, వచ్చే అవకాశం మాత్రం నూటికి డెబ్బై పాళ్లు, రాకముందే రెండు రొమ్ములూ తీయించుకోవడం ఒక దారి అని డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. నర్సు ఒక కాయితం చేతికిచ్చి, "మీవారి చేత సంతకం పెట్టించుకురండి" అంది. అది జరిగి ఎనిమిది నెలలు.

ఈలోపు ఆపరేషన్ తేదీ మూడుసార్లు మారింది. మొదట ఆడపడుచు కాన్పుకొచ్చింది. తర్వాత అత్తగారి కంట్లో శుక్లం. ఆ తర్వాత ఆయన ఆఫీసులో తనిఖీలు. ప్రతిసారీ వంటింటి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాసుకున్న తేదీని చెరిపింది ఆమే. చెరపమని ఎవరూ అనలేదు, చెరపకుండా ఉండే వీలూ ఇవ్వలేదు. "మీ పుట్టింటి రక్తం. మా ఇంటికి మోసుకొచ్చావు" అని అత్తగారు ఆమె చేతే కంట్లో చుక్కలు వేయించుకుంటూ అంది. ఆయనైతే నవ్వుతూనే అన్నాడు, "అవి తీసేశాక ఇంక నీలో ఏం మిగుల్తుందే?" పద్నాలుగేళ్ల కూతురు ఆ పక్కనే హోంవర్క్ రాసుకుంటోంది. దాని పెన్ను ఆగింది. ఆ పిల్లకీ ఈ మార్పు వచ్చి ఉండే అవకాశం సగానికి సగం. ఒంట్లో ఏవి ఉంటే ఆడది మనిషి కింద లెక్కో, తండ్రి నోటే విన్నది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. అయినా లేచి ఎంగిలి కంచాలు కడిగింది.

ఆయన ముందుచూపు లేని మనిషేం కాదు. నిరుడు కారుకి ఇంజన్ బెల్ట్ మార్పించాడు. బాగానే ఉందిగా అని ఆమె అంటే, "తెగేదాకా ఆగితే ఇంజనే పోతుంది. నీకేం తెలుసు" అని జాలిగా చూశాడు.

ఆమె ఉద్యోగం ఒక ఆఫీసు కౌంటర్లో దరఖాస్తులు సరిచూసి తీసుకోవడం. తప్పులు పట్టడంలో ఆమెను మించినవాళ్లు లేరని పదహారేళ్లుగా పేరు. ఆ మధ్యాహ్నం ఒక ముసలాయనకి ఫారం వెనక్కి ఇచ్చింది. "సాక్షి సంతకం లేదు, పెద్దాయనా."

"మా ఆవిడ పోయిందమ్మా. ఇంకెవరు పెడతారు?"

"ఎవరైనా పెట్టొచ్చు. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు."

ఆ మాట అంటూనే ఆమె సంచిలోంచి తన కాయితం తీసింది. మడతల దగ్గర చిరుగుపడుతోంది. అడుగున రెండు గీతలు. మొదటిది రోగి. రెండోది సాక్షి. 'భర్త' అనే పదం వెతికినా లేదు. ఊరందరి ఫారాలూ అక్షరం వదలకుండా చదివే మనిషి, తన ఒంటికి సంబంధించిన ఆ ఒక్క కాయితాన్ని మాత్రం చదవకుండా మొగుడి చుట్టూ తిరిగింది. ఆయన మీద, నర్సు మీద తర్వాత, ముందు తన మీదే తనకు అసహ్యం వేసింది.

నేల తుడుస్తున్న ఆవిడను పిలిచి సంగతంతా చెప్పింది. ఆవిడ చూస్తుండగానే మొదటి గీత మీద సంతకం చేసింది.

"నేను పెడితే చెల్లుతుందా?" అంది ఆవిడ, తడిచేతులు తుడుచుకుంటూ.

"చెల్లుతుంది."

"మీ ఆయన ఏమన్నా అంటే?"

"అంటాడు."

ఆవిడ అక్షరాలు కూడబలుక్కుంటూ రెండో గీత మీద తన పేరు రాసింది.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే బుధవారం ఖాళీ ఉందన్నారు. సాయంత్రం ఇంటికెళ్లి క్యాలెండర్ మీద ఈసారి పెన్నుతో రాసి, వచ్చి కూర్చుంది.

"నన్నడక్కుండానే?" అన్నాడు భర్త, అది చూసి.

"ఎనిమిది నెలలు అడిగాను. బుధవారం చేరుతున్నా. తర్వాత మూడు వారాలు బరువులెత్తకూడదట."

ఆయన వేళ్ల మీద మూడు వారాలు లెక్కపెట్టాడు.

"మరి వంటో?"

అక్క పోయిన సాయంత్రం బావ కూడా ఇదే మాట అడిగాడు. ఆ రోజు లేచి పొయ్యి వెలిగించింది ఆమే. ఈసారి ఆమె కూర్చున్న చోటు నుంచి లేవలేదు.