కుంకుమ అంటిన రివాల్వర్

మా ఆయన కాంతయ్య నడుముకి వేలాడే రివాల్వర్ పేలదని సముద్రం దాటొచ్చి మేం బతుకుతున్న బాగన్ దాతుక్ కొబ్బరితోటలో కుక్కలకి కూడా తెలుసు. గుళ్ళు పెట్టే చక్రం ఎప్పుడో తుప్పుపట్టి బిగుసుకుపోయింది. ఆయన తోట కిరాణీ, అంటే లెక్కలు చూసే గుమాస్తా. పొద్దున్నే పనివాళ్ళ హాజరు తీసుకుని, సైకిలెక్కి దూరపు చెట్ల దాకా ఒక్కడే వెళ్ళేవాడు. అడవిలో దాగిన కమ్యూనిస్టులు తుపాకుల కోసమే తోటల మీద పడుతున్న రోజులవి. పేలని తుపాకీ కోసం మనిషిని చంపే తీరిక ఎవరికుంది? ఆ తుప్పే నా పసుపుకుంకాలు కాపాడుతోందని నేను నమ్మేదాన్ని.

తనిఖీకి వచ్చిన పోలీసు అధికారికి అది పాత ఇనుములా కనిపించింది. దసరాలోగా పనికొచ్చే తుపాకీ కొనకపోతే కిరాణీ పని ఇంకొకరికి ఇస్తానన్నాడు తోట దొర. పని పోతే ఇల్లూ పోతుంది. ఖర్చుకి కొంత డబ్బు చేతిలో పెట్టి, తక్కింది నీ తిప్పలు నువ్వు పడమన్నాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇద్దరం జార్జ్ టౌన్ పట్నం వెళ్ళాం. తుపాకుల కొట్టు నడిపే చీనా దేశపాయన మా డబ్బు సంగతి విని, ఎవరో వాడి వదిలేసినవి రెండు బల్ల మీద పెట్టాడు. ఒకటి లివర్ రైఫిలు. మీట కిందికి లాగి పైకి తోస్తే చాలు, తర్వాతి గుండు వచ్చి కూర్చుంటుంది. దూరం కొడుతుంది, దొర ఇచ్చిన డబ్బుకే వస్తుంది. రెండోది పొట్టి రివాల్వర్. దానికైతే నా చెవికమ్మలు కూడా తీసి ఇవ్వాలి. అంత పొడుగు రైఫిలు చేతిలో ఉంటే మనిషి మీదికి రావడానికి జంకుతారు కదా, అదే తీసుకోమన్నాను.

ఆయన రైఫిలుని భుజానికి తగిలించుకుని అద్దంలో చూసుకున్నాడు. తర్వాత మెల్లగా దించేశాడు.

"ఇది ఆమడ దూరానికి కనిపిస్తాది, కమలాచ్చీ. దీని కోసమే నన్ను సంపుతారు. రివాల్వరైతే సొక్కా కింద దాసుకుంటాను."

కమ్మలు తీసి బల్ల మీద పెట్టాను. చీనాయన వాటిని కొరికి చూస్తుంటే చెంప పగలగొట్టాలనిపించింది.

అప్పటినుంచి పాతది నడుముకి, కొత్తది చొక్కా కింద. దొరకీ పోలీసులకీ కాక ఆ సంగతి తెలిసింది నాకూ మా అత్త చిన్నమ్మకీ మాత్రమే. లైన్లు అనే కూలీల వరస ఇళ్ళలోవాళ్ళు ఎప్పటిలాగే ఆయన్ని తుప్పు కిరాణీ అని ఆట పట్టించేవారు. ఆ వెక్కిరింత విన్నప్పుడల్లా నాకు ప్రాణం లేచొచ్చేది.

ఆయుధపూజ నాడు ఆయన స్నానానికి వెళ్ళాడు. నేను గుడి ముందు వంట చేస్తున్నాను. గెలలు కోసే కత్తులు, డొక్కలు వలిచే గునపాలు, సైకిళ్ళు, ఆఖరికి కొట్టు తాళాలు కూడా కడిగి అమ్మవారి ముందు పెట్టారు. మా అత్త ఆయన విప్పి పెట్టిన కొత్త రివాల్వర్ తెచ్చి, బొట్టుపెట్టి, చామంతులు చుట్టి వాటి నడుమ అరిటాకు మీద ఉంచింది. పూజకి రాని ఆయుధం సొంతదారునే కొడుతుందని ఆమె అమ్మ చెప్పింది, ఆ అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. కొడుకుని కాపాడుకోవడానికి ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే.

ఒకసారి ఆకు మీద పెట్టిన దాన్ని మర్నాటి పూజ దాకా కదపకూడదు. లైన్లన్నీ వచ్చి దండం పెట్టుకున్నాయి. కిరాణీ కొత్తది కొన్నాడే అని మెచ్చుకున్నాయి. తడి జుట్టుతో వచ్చిన మా ఆయన అది చూసి నిలబడిపోయాడు. నా వైపు తిరిగి మెల్లగా ఒక్క మాటే అన్నాడు.

"అమ్మనేటీ అనకు."

నేను అనలేదు. ఆయనతో మాత్రం, పని మానేసి పారిపోదామన్నాను. ఎక్కడికని అడిగాడు.

దీపావళికి ముందు, పెద్ద కాలువ మలుపులో అడవివాళ్ళు కాశారు. పనివాళ్ళు శవాన్ని మోసుకొచ్చేసరికి ఆయన నడుముకి పాత రివాల్వర్ అలాగే ఉంది, దాన్నెవరూ ముట్టుకోలేదు. చొక్కా గుండీలు మాత్రం తెగిపోయి ఉన్నాయి, కింద కొత్తది లేదు. ఎక్కడ వెతకాలో తెలిసే వచ్చారు. లైన్లలో ఎవరు చెప్పారని పోలీసులు అడుగుతూనే ఉన్నారు. ఎవరని చెప్పను? అందరూ చూశారు.

మరుసటేడు అడవిలో ఎవరి శవం దగ్గరో మా కొత్త రివాల్వర్ దొరికిందని పోలీసులు తెచ్చిచ్చారు. కొత్త కిరాణీ గోవిందసామికి తుపాకీ కొనమని దొర మాకిచ్చినంతే డబ్బిచ్చాడట. తల్లి మారియమ్మని వెంటబెట్టుకుని, మేము తలదాచుకున్న కొబ్బరి పాకకి దాన్ని కొనడానికి వచ్చాడు. చక్రం తిప్పి చూశాడు. పిడి చెక్క సందులో ఎర్రగా ఏటని అడిగాడు. నేను జరిగిందంతా చెప్పాను. దాచుకో తమ్ముడూ, ఎవరి కంటా పడనివ్వకు అని బతిమాలాను. బుద్ధిగా తలూపాడు.

మారియమ్మ అంతా వింది. కళ్ళు తుడుచుకుంది.

"పాపం, ఆలిసెం అయిపోనాది గావాల. కొన్న నాడే పూజ సేయించాల్సింది," అంది.

ఏడాదిగా నోరు విప్పని మా అత్త పాక లోపల్నుంచి, "అవునమ్మా, కొన్న నాడే సేయించాల్సింది," అంది.

మారియమ్మ రివాల్వర్‌ని రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది.