పేరు పెట్టి పిలిస్తేనే

బల్ఖాష్ సరస్సు గడ్డకట్టిందంటే రిస్బెక్ ముసలాయన ఎవరినీ నమ్మడు, మంచును అసలే నమ్మడు. గునపం లేకుండా అడుగు వేయడు. మూడు పోట్లు పొడిచినా నీళ్లు పైకి రాకపోతే మనిషి నడవచ్చు. వచ్చాయా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగాలి. ఊళ్లో పిల్లలందరికీ ఆయన చెవి మెలిపెట్టి నేర్పిన పాఠమిది. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పేవాడు. పొగమంచులో సరస్సు మీద ఎవరు పిలిచినా, పేరు పెట్టి పిలిస్తేనే పలకాలట. సరస్సు అడుగున ఉన్నవాళ్లకు వరసలు తెలుసు గానీ పేర్లు తెలియవట.

ఇన్ని చెప్పిన మనిషి కొడుకే, సెయిల్ఖాన్, పోయిన మార్చిలో గునపం ఇంట్లో మరిచి, మంచు కింద వేసిన చేపల వలల దగ్గరికి వెళ్లాడు. శవం కూడా దొరకలేదు.

ఇంట్లో మిగిలింది ముసలాయన, కోడలు జుపార్. అత్తింటి పెద్దల పేర్లు కోడలి నోట రాకూడదని అక్కడి ఆచారం. పంతొమ్మిదేళ్లుగా జుపార్ దాన్ని తప్పలేదు. ఖర్మకాలి వీధి చివర టీ పొడి అమ్మే అతని పేరూ రిస్బెక్ కావడంతో, అతన్ని "టీ పొడాయన" అంటూ నెట్టుకొచ్చేది. ఊరంతా నవ్వేవాళ్లు.

ఆ రోజు పొద్దున ముసలాయన వలలు చూడ్డానికి వెళ్లాడు. మధ్యాహ్నానికి పొగమంచు కమ్మేసింది. జుపార్ ఒడ్డున నిలబడి రేకు బకెట్ మీద కర్రతో కొట్టింది. దారి తప్పినవాళ్లు ఆ చప్పుడు పట్టుకుని వస్తారు. చెయ్యి తిమ్మిరెక్కింది గానీ మామగారు రాలేదు. తాడు, ఇంకో గునపం తీసుకుని, దారి గుర్తుకు మంచులో పాతిన రెల్లు కట్టల వెంట బయల్దేరింది.

పదకొండో కట్ట దగ్గర అడుగుజాడలు పక్కకు తిరిగాయి. ముసలాయన గునపం అక్కడే పడి ఉంది. ఆయన గునపం వదిలేశాడంటే ఇంకేముంది, జుపార్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. నాలుగడుగులు వేసి పొడిచింది. రెండో పోటుకే నీళ్లు ఉబికాయి. వెంటనే బోర్లా పడుకుంది.

ముప్పై అడుగుల అవతల ముసలాయన నడుస్తున్నాడు. బక్కప్రాణి కాబట్టి మంచు ఇంకా మోస్తోంది. ఆయనకు ముందు నల్లగా నీళ్లు కనబడుతున్నాయి.

"నాన్నా, ఇటు," అంది ఆ నల్లటి చోటు నుంచి ఓ గొంతు. "వల బరువుగా ఉంది. ఓ చెయ్యి వెయ్యి."

అది సెయిల్ఖాన్ గొంతే. అబద్ధమెందుకు, జుపార్‌కూ లేచి వెళ్లాలనే అనిపించింది.

"వస్తున్నానురా," అన్నాడు ముసలాయన.

"మామయ్యా, ఆగండి."

ఆయన ఆగి అటూ ఇటూ చూశాడు. నాన్నా అన్నవాడూ పేరు పెట్టి పిలవలేదు, మామయ్యా అన్నదీ పిలవలేదు. పిలుపులు రెండూ ఒకలాంటివే. కాసేపు తటపటాయించి, కొడుకు వైపే అడుగు వేశాడు.

జుపార్ కళ్లు గట్టిగా మూసుకుంది. "రిస్బెక్," అని గొంతు చించుకుని అరిచింది.

ముసలాయన నిద్రలోంచి లేచినట్టు ఉలిక్కిపడ్డాడు. కాళ్ల కింద చూసుకుని మెల్లగా పడుకుని, ఆమె విసిరిన తాడు పట్టుకుని పాక్కుంటూ వచ్చాడు. దారిలో ఆయన గునపం కూడా తీసుకుని ఒడ్డుకు చేరారు.

"తప్పయింది మామయ్యా," అంది జుపార్.

"తప్పేంటమ్మా. మా అమ్మ పోయాక నన్నంత గట్టిగా పిలిచినవాళ్లే లేరు." పళ్లు టకటకలాడుతుండగానే నవ్వాడు. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అప్పుడు సరస్సు మీంచి వినిపించింది.

"రిస్... బెక్."

కొత్త మాట కూడబలుక్కుంటున్నట్టుంది. కాసేపటికి మళ్లీ వచ్చింది. ఈసారి ఎక్కడా తడబడలేదు.

ముసలాయన నవ్వు ఆగిపోయింది. తర్వాత తన గునపం తీసి కోడలి చేతిలో పెట్టాడు.

"ఇక వలలు నువ్వే చూసుకోవాలి తల్లీ," అన్నాడు. "నీ పేరు మాత్రం అక్కడ ఎవరినీ అననివ్వకు."